పాత దేవుళ్ల ఆఖరి రాజ్యం: లిథువేనియా

క్రైస్తవం పాకకముందు యూరప్ ప్రజలు కొలిచిన దేవతలను, జరిపిన క్రతువులను కలిపి పేగన్ మతం అంటారు. నిజానికి ఆ పేరుతో ఒక మతమంటూ ఎప్పుడూ లేదు. లాటిన్ మాట్లాడే క్రైస్తవులు తమవారు కానివాళ్లందరినీ ఒక్క గాటన కట్టి పెట్టిన పేరు అది. అలా పిలిపించుకున్నవాళ్లకు తాము ఫలానా మతస్థులమన్న ఊహే ఉండేది కాదు. వారికి మూలపురుషుడు లేడు, పవిత్ర గ్రంథం లేదు, ఇది నమ్మితేనే మావాడివి అనే ప్రమాణమూ లేదు. ఉన్నవల్లా ఇంటి నిప్పుకు పెట్టే ముద్ద, పొలానికి ఇచ్చే బలి, చనిపోయినవారికి జరిపే కర్మ, ఊరికొక చెట్టో రాయో చెలమో. ఏం నమ్మాలన్నదాని కంటే ఏ పని ఎప్పుడు ఎలా చెయ్యాలన్నదే వారికి ముఖ్యం. పొరుగూరి దేవుణ్ణి అబద్ధమనడం ఆ పద్ధతిలో లేదు. ఆయన ఆ ఊరి దేవుడు, అంతే.

రోమ్ సామ్రాజ్యంలో 4వ శతాబ్దం చివర్లోనూ, ఐస్‌లాండ్‌లో 1000వ సంవత్సర ప్రాంతంలోనూ ఈ పద్ధతులు రాజ్యం అండను పోగొట్టుకున్నాయి. బాల్టిక్ సముద్రానికి తూర్పున మాత్రం 14వ శతాబ్దం చివరి దాకా ఒక పెద్ద రాజ్యం పాత దేవుళ్లతోనే నడిచింది. అదే లిథువేనియా. పారిస్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు అప్పటికే పాతబడ్డాయి. డాంటే చనిపోయి అరవై ఏళ్లు దాటింది. అయినా విల్నియస్ పాలకుడు చనిపోతే చితి మీద గుర్రాలతో సహా దహనం చేసేవారు. ఇదేదో అడవుల్లో దాగి లోకం తెలియకుండా మిగిలిపోయిన తెగ కథ కాదు. అప్పటి యూరప్‌లోని అతి పెద్ద రాజ్యాల్లో లిథువేనియా ఒకటి. నేటి బెలారస్ అంతా, ఉక్రెయిన్‌లో చాలా భాగమూ దాని ఏలుబడిలో ఉండేవి. అంత రాజ్యం అంతకాలం జ్ఞానస్నానానికి దూరంగా ఉండటానికి భక్తి ఎంత కారణమో రాజనీతీ అంతే కారణం.

ఆ మతం గురించి ఆనాటి రాతల్లో మిగిలినదంతా దాని శత్రువులో పరాయివాళ్లో రాసిపెట్టినదే. లిథువేనియన్లు, లాట్వియన్లు, పాత ప్రష్యన్లు దగ్గరి చుట్టరికమున్న భాషలు మాట్లాడిన బాల్టిక్ జాతులు. తమ దేవతల గురించి వీళ్లెవరూ ఒక్క పుస్తకమూ రాసుకోలేదు. రాసినవాళ్లు వీరి మీద యుద్ధానికి వచ్చిన జర్మన్ నైట్ల సంఘమైన ట్యూటానిక్ ఆర్డర్ పూజారులు, పొరుగున ఉన్న రష్యన్ సన్యాసులు, తర్వాతి కాలపు మిషనరీలు. ఆ రాతల్ని పక్షపాతం తీసి చదువుకోవాలి. అయితే వీటిలో ఒకటి మిగతావాటికంటే నమ్మదగినది. 1249లో ట్యూటానిక్ ఆర్డర్ ఓడిపోయిన ప్రష్యన్లతో క్రైస్ట్‌బుర్గ్ దగ్గర ఒక ఒప్పందం చేసుకుంది. ఇకమీదట ఏమేం మానుకోవాలో అందులో ఏకరువు పెట్టారు. శవాలను గుర్రాలతో, మనుషులతో, ఆయుధాలతో, బట్టలతో కాల్చకూడదు. కోతల తర్వాత ఏడాదికొకసారి చేసి పూజించే కుర్కె అనే విగ్రహాన్ని ఇక చెయ్యకూడదు. చనిపోయినవాడు మెరిసే ఆయుధాలు ధరించి, చేతి మీద డేగతో, గుర్రమెక్కి నడి ఆకాశంలో పరలోకానికి వెళుతున్నాడని, ఆ దృశ్యం తమకు కనిపిస్తోందని చెప్పే కర్మకాండ పూజారులను ఇళ్లలో పెట్టుకోకూడదు. ఒక జాతి నిత్యం చేసే పనులు ఇంత స్పష్టంగా తెలిసేది వాటిని నిషేధించిన కాగితంలో కావడం చరిత్రలో తరచు జరిగేదే.

1326లో పీటర్ ఆఫ్ డుస్‌బుర్గ్ అనే ట్యూటానిక్ పూజారి రాసిన ప్రష్యా చరిత్ర రెండో ముఖ్యమైన ఆధారం. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, ఉరుము, పక్షులు, నాలుగు కాళ్ల జంతువులు, చివరికి కప్పను కూడా ఈ జనం దేవుళ్లుగా కొలుస్తారని ఆయన చీదరించుకుంటాడు. అదే వరసలో మంచి సమాచారమూ ఇస్తాడు. కొన్ని వనాల్లో కొమ్మ నరకకూడదు, కొన్ని పొలాలు దున్నకూడదు, కొన్ని నీళ్లలో చేపలు పట్టకూడదు. రోమోవ్ అనే చోట ఆరని అగ్నిని కాపాడే క్రివె అనే ప్రధాన పూజారి ఉండేవాడని, బాల్టిక్ జాతులన్నీ ఆయన్ను పోపులా గౌరవించేవని కూడా రాశాడు. ఈ చివరి మాట చాలామంది చరిత్రకారులకు మింగుడుపడలేదు. రోమ్‌ను కేంద్రంగా చూడటం అలవాటైన మనిషి అవతలి పక్షంలోనూ ఒక రోమ్‌ను, ఒక పోపును ఊహించి ఉంటాడన్నది వారి అనుమానం. అది సబబైన అనుమానమే.

దేవతల్లో పెద్దవాడు ఎవరన్నది కాలాన్ని బట్టి, రాసినవాణ్ణి బట్టి మారుతుంది. దియేవాస్ ఆకాశ దేవుడు. జనం నోట ఎక్కువగా వినిపించేది మాత్రం ఉరుముల దేవుడు పెర్కూనస్. ఓక్ చెట్టు ఆయనది. వసంతంలో తొలి ఉరుము ఉరిమితేనే నేల మేల్కొంటుందని, అంతవరకు దాన్ని కదిలించకూడదని పల్లెల్లో నమ్మేవారు. జెమీనా భూదేవత. విందులో బీరు తాగేముందు తొలి చుక్కలు ఆమె కోసం నేల మీద ఒలకబోసేవారు. లైమా బిడ్డ పుట్టే వేళ వచ్చి తలరాత నిర్ణయించే దేవత. అడవికీ వేటకూ మెదేనా ఉంది. సౌలే అనే సూర్యుడు ఆడదేవత, మేనూ అనే చంద్రుడు మగవాడు. లుద్విగ్ రేజా 1825లో అచ్చువేసిన జానపద గీతాల్లో ఒకదాని ప్రకారం చంద్రుడు భార్య సౌలేను విడిచి వేగుచుక్క వెంట పడతాడు. కోపగించిన పెర్కూనస్ కత్తితో అతణ్ణి రెండుగా నరుకుతాడు.

ఇంటి లోపలి పూజ ఇంకా పాతది, ఇంకా గట్టిది. పొయ్యిలోని నిప్పు గబియా అనే దేవత. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లాలు నిప్పుల మీద బూడిద కప్పి, గబియాను నిద్రపుచ్చుతున్నట్టు ప్రార్థన చెప్పేది. ఉప్పు, తిండి ఆ నిప్పుకు నైవేద్యం. నిప్పులో ఉమ్మడం, దాన్ని కాలితో తొక్కడం మహాపరాధం. జాల్టీస్ అనే గడ్డిపాముకు కూడా ఇంట్లో చోటుండేది. మెడ దగ్గర పసుపు మచ్చలుండే ఈ పాముకు విషం లేదు. దానికి పాలు పెట్టేవారు, చంపితే ఇంటికి కీడని భయపడేవారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే తెలుగువారికి ఇది వింతగా తోచదు. కాకపోతే అక్కడ పాము పుట్టలో కాక ఇంటి మూలనో పొయ్యి పక్కనో ఉండేది. ఇలాంటి పోలికలను చూసి, సంస్కృతానికీ లిథువేనియన్‌కూ ఉన్న భాషా బంధుత్వాన్ని కూడా కలిపి, ఈ మతం భారతదేశం నుంచి వెళ్లిందని రాసేవాళ్లున్నారు. రెండు భాషలూ ఒకే పురాతన మూలం నుంచి చీలాయన్నంత వరకే శాస్త్రం ఒప్పుకుంటుంది. అక్కడి నుంచి ఇక్కడికో, ఇక్కడి నుంచి అక్కడికో మతం ప్రయాణించిందనడానికి ఆధారం లేదు.

చావు గురించి వారి ఆలోచనకు ఒక అరుదైన సాక్ష్యం మిగిలింది. 1261 ప్రాంతంలో ఒక స్లావ్ లేఖకుడు పాత గ్రీకు చరిత్ర గ్రంథపు అనువాదంలో సోవీ అనేవాడి కథను చేర్చాడు. సోవీ ఒక అడవి పందిని పట్టి, దాని తొమ్మిది ప్లీహాలను కాల్చి తెమ్మని కొడుకులకిస్తే వాళ్లే తినేస్తారు. అలిగిన సోవీ పాతాళానికి బయలుదేరతాడు. ఎనిమిది ద్వారాలు తెరుచుకోవు, తొమ్మిదోదాని గుండా లోపలికి వెళ్తాడు. వెతుక్కుంటూ వచ్చిన కొడుకు తండ్రికి మొదటి రాత్రి మట్టిలో పడక వేస్తాడు. పురుగులు తిన్నాయని తెల్లారి తండ్రి మూలుగుతాడు. రెండో రాత్రి చెట్టు మీద పడుకోబెడితే తేనెటీగలు, దోమలు కుట్టాయంటాడు. మూడో రాత్రి చితి పేర్చి దహనం చేస్తే ఉయ్యాలలో పసిపాపలా నిద్రపోయానంటాడు. పాతిపెట్టడం కంటే కాల్చడం ఎందుకు మేలో చెప్పే కథ ఇది. లేఖకుడు దీన్ని సైతాను మోసానికి ఉదాహరణగా రాసిపెట్టాడు. సూర్యుణ్ణి కొలిమిలో తయారు చేసి ఆకాశంలోకి విసిరిన కమ్మరి దేవుడు తెల్యావెలిస్ గురించి చెప్పేది కూడా ఇదే రాత.

ఈ మతంలో రక్తం లేదనుకుంటే పొరపాటు. 1320లో మెదినింకాయ్ దగ్గర ట్యూటానిక్ సేన ఓడిపోయినప్పుడు గెర్హార్డ్ రూడె అనే అధికారిని గుర్రంతో సహా సజీవంగా కాల్చి దేవతలకు అర్పించారని డుస్‌బుర్గ్ రాశాడు. శత్రువు రాసిన మాట కదా అని తోసిపారేయడం కష్టం, యుద్ధ బందీల బలి గురించి వేరే చోట్ల కూడా ప్రస్తావనలున్నాయి. ప్రమాణాలకు సైతం రక్తమే సాక్షి. 1351లో లిథువేనియా పాలకుల్లో ఒకడైన కెస్తుతిస్ హంగరీ రాజు లూయీతో సంధి చేసుకున్నాడు. అప్పుడు ఎద్దును బలిచ్చి, ఆ నెత్తురు ముఖానికీ చేతులకూ పూసుకుని, తెగిన తలకూ మొండేనికీ మధ్య నుంచి నడిచి ఒట్టు వేశాడు. జ్ఞానస్నానం పొందుతానన్నది ఆ ఒట్టులోని ఒక షరతు. బుడాకు వెళ్లే దారిలో ఒక రాత్రి మెల్లగా జారుకున్నాడు.

మాట ఇచ్చి జారుకోవడం లిథువేనియా పాలకులకు కొత్త కాదు. తెగలను కూడగట్టి లిథువేనియా రాజ్యాన్ని నిలబెట్టిన మిందౌగస్ 1251లో జ్ఞానస్నానం పొంది, పోపు అనుమతితో 1253 జులై 6న కిరీటం పెట్టుకున్నాడు. శత్రువుగా ఉన్న జర్మన్ నైట్ల నోరు మూయించడం అందులో అతని లాభం. వోలిన్ ప్రాంతపు రష్యన్ చరిత్రకారుడు మాత్రం ఆ మారుమనస్సు వట్టి బూటకమన్నాడు. రహస్యంగా పాత దేవుళ్లకే బలులిచ్చేవాడట. పొలంలోకి వెళ్తుంటే కుందేలు అడ్డొస్తే ఆ రోజు వనంలో అడుగు పెట్టేవాడు కాదు, కొమ్మ విరిచేవాడు కాదట. 1263లో సొంతవాళ్లే అతణ్ణి చంపారు. రాజ్యం మళ్లీ పాత దారిన పడింది.

అప్పటికి లిథువేనియాకు రెండు వైపులా నైట్లే. ఉత్తరాన లివోనియాలోని ఖడ్గధారుల సంఘం 1236లో సౌలే అనే చోట జరిగిన యుద్ధంలో చితికిపోయి, మరుసటి ఏడే ట్యూటానిక్ ఆర్డర్‌లో కలిసిపోయింది. పడమర అదే ఆర్డర్ 1283 నాటికి ప్రష్యన్లను పూర్తిగా లొంగదీసుకుంది. ఆ తర్వాత నూరేళ్లు లిథువేనియా మీద దండయాత్రలే. నేల గడ్డకట్టే చలికాలంలో ఒకటి, ఎండాకాలంలో ఒకటి. యూరప్ నలుమూలల నుంచి కులీనులు పుణ్యానికీ పేరుకూ వీటిలో పాల్గొనడానికి వచ్చేవారు. బొహీమియా రాజు జాన్ వచ్చాడు, ఫ్రెంచ్ యోధుడు బూసికో వచ్చాడు. ఇంగ్లిష్ కవి చాసర్ సృష్టించిన నైట్ సైతం లిథువేనియాలో పోరాడి వచ్చినవాడే. అక్కడ విందులు, బిరుదులు, వేట అన్నీ ఉండేవి. నిజం చెప్పాలంటే అది కులీనుల విహారయాత్ర. దానికయ్యే ఖర్చు కాలిపోయిన పల్లెలు భరించేవి.

ఇంత ఒత్తిడిలోనూ 1316 నుంచి 1341 దాకా ఏలిన గెదిమినస్ రెండు పడవల్లో దేనిలోనూ కాలు పెట్టకుండా నెట్టుకొచ్చాడు. 1323లో పోపు జాన్ 22కు, జర్మన్ నగరాలకు ఉత్తరాలు రాసి వర్తకులను, చేతిపనివాళ్లను, పూజారులను రమ్మన్నాడు. పోపుకు రాసిన ఉత్తరంలో తాను క్రైస్తవం స్వీకరిస్తాడన్న ఆశ కలిగేలా మాటలున్నాయి. మరుసటి ఏడు పోపు ప్రతినిధులు విల్నియస్‌కు వస్తే తాను అలా రాయించలేదన్నాడు. క్రైస్తవులు వారి పద్ధతిలో, ఆర్థడాక్స్ స్లావులైన రూసీలు వారి పద్ధతిలో దేవుణ్ణి కొలుచుకోవచ్చని, తాము తమ పద్ధతిలో కొలుస్తామని, దేవుడు అందరికీ ఒక్కడేనని బదులిచ్చాడు. ఆ జవాబును మతసహనానికి గొప్ప ఉదాహరణగా చెప్పుకుంటారు. అందులో లెక్క కూడా ఉంది. అతని ప్రజల్లో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులైన స్లావులు. రోమ్ పక్షం వహిస్తే వారికి కోపం, ఆర్థడాక్స్ పక్షం వహిస్తే పోలండ్‌కూ పోపుకూ కోపం. ఎటూ మొగ్గకపోతే ఇద్దరూ ఆశపడుతూనే ఉంటారు. అందుకే కూతుళ్లకు క్రైస్తవ రాజులతో పెళ్లిళ్లు చేసి జ్ఞానస్నానం ఇప్పించాడు, రూసీ పట్టణాలను ఏలడానికి వెళ్లిన కొడుకులను ఆర్థడాక్స్ మతంలో చేరనిచ్చాడు, తాను మాత్రం కదలలేదు.

అతని కొడుకు అల్గిర్దస్ ఈ బేరాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. 1358లో జర్మన్ చక్రవర్తి నాలుగో చార్లెస్ జ్ఞానస్నానం ప్రస్తావన తెస్తే, బాల్టిక్ తీర భూములు తిరిగిమ్మని, ట్యూటానిక్ ఆర్డర్‌ను తాతార్లతో పోరాడటానికి స్టెప్పీ మైదానాలకు తరలించమని షరతు పెట్టాడు. బేరం కుదరలేదు. 1377లో అల్గిర్దస్ చనిపోతే 18 యుద్ధాశ్వాలతో దహనం చేశారు. 1382లో హత్యకు గురైన కెస్తుతిస్ చితి మీద గుర్రాలు, ఆయుధాలతో పాటు వేటకుక్కలు, డేగలు కూడా కాలాయి. యూరప్ రాజవంశాల్లో అలాంటి అంత్యక్రియలు మళ్లీ జరగలేదు.

చివరకు కథ మలుపు తిరిగింది పెళ్లి ఒప్పందంతో. పోలండ్ సింహాసనం మీద పన్నెండేళ్ల జాద్విగా ఉంది. పోలిష్ ప్రభువులకు ట్యూటానిక్ ఆర్డర్‌ను ఎదిరించే తోడు కావాలి, అల్గిర్దస్ కొడుకు యొగైలాకూ అదే కావాలి. 1385 ఆగస్టు 14న క్రేవా కోటలో ఒప్పందం కుదిరింది. 1386 ఫిబ్రవరి 15న యొగైలా క్రాకోవ్‌లో జ్ఞానస్నానం పొంది వ్లాదిస్లావ్ అయ్యాడు, 18న పెళ్లి, మార్చి 4న పట్టాభిషేకం. మరుసటి ఏడు విల్నియస్‌కు వచ్చి తన ప్రజలను మార్చాడు. దాదాపు వందేళ్ల తర్వాత పోలిష్ చరిత్రకారుడు ద్లుగోష్ రాసినదాని ప్రకారం పవిత్రాగ్నిని ఆర్పారు, వనాలు నరికారు, పాములను చంపారు. జనాన్ని గుంపులుగా నిలబెట్టి, గుంపుకొక్క పేరు చొప్పున జ్ఞానస్నానం ఇచ్చారు. వచ్చినవారికి పోలండ్ నుంచి తెచ్చిన ఉన్ని చొక్కాలు పంచారు. దేశంలో పెద్ద తిరుగుబాటేమీ రాలేదు.

ట్యూటానిక్ ఆర్డర్‌కు మాత్రం ఇది పిడుగుపాటు. పేగన్లు లేకపోతే ఆర్డర్‌కు పనే లేదు. అందుకే ఈ మతమార్పిడి నాటకమని ఊరూరా చాటి దండయాత్రలు కొనసాగించింది. 1390లో విల్నియస్ ముట్టడికి వచ్చినవారిలో తర్వాత ఇంగ్లండ్‌కు నాలుగో హెన్రీగా రాజైన హెన్రీ బోలింగ్‌బ్రోక్ కూడా ఉన్నాడు. అప్పటికి ఆ నగరం క్రైస్తవం పుచ్చుకుని మూడేళ్లయింది.

పడమటి ప్రాంతం జెమైతియా ఇంకొన్నాళ్లు ఆర్డర్‌కూ లిథువేనియాకూ మధ్య చేతులు మారుతూ ఉండిపోయి, 1413లో గానీ జ్ఞానస్నానానికి రాలేదు. మేత్రాసనం 1417లో ఏర్పడింది. ఆ రోజుల్లో లిథువేనియా పల్లెల్లో పనిచేసిన ప్రాగ్ నగరపు జెరోమ్ అనే మిషనరీ తర్వాత బాసెల్‌లో తన అనుభవాలు చెప్పగా, మున్ముందు పోపు కాబోయే పిక్కొలొమినీ వాటిని రాసుకున్నాడు. ఒక తెగ పెద్ద ఇనుప సుత్తిని పూజించేదట. పూర్వం ఒక రాజు సూర్యుణ్ణి బురుజులో బంధిస్తే రాశిచక్రపు రాశులు ఆ సుత్తితో బురుజు బద్దలుకొట్టి విడిపించాయని వాళ్ల నమ్మకం. జెరోమ్ వనాలు నరికించడం మొదలుపెట్టగానే ఆడవాళ్లు గుంపుగా ఏడుస్తూ మహాప్రభువు వితౌతస్ దగ్గరికి వెళ్లారు. ఎండ కావాలన్నా వాన కావాలన్నా తాము వేడుకునే చోటు పోయిందని, ఇక దేవుణ్ణి ఎక్కడ వెతుక్కోవాలో తెలియడం లేదని మొరపెట్టుకున్నారు. తర్వాత మగవాళ్లూ వచ్చి, ఇలాగైతే దేశం విడిచి పోతామన్నారు. వితౌతస్ క్రైస్తవుడే. అయినా పంపించేసింది మిషనరీనే.

రాజ్యం చేతిలో ఉన్న మతం ఒక్క పెళ్లితో ముగిసింది గానీ, ఇంటి మతం మరో రెండు మూడు వందల ఏళ్లు బతికింది. చితులు ఆగిపోయాయి, పెద్ద బలులు పోయాయి, యుద్ధ దేవతల పేర్లు మరుగున పడ్డాయి. పొయ్యి, పొలం, పాము, పితృదేవతలు మిగిలారు. లిథువేనియన్ భాషలో అచ్చయిన తొలి పుస్తకం 1547లో మార్తీనస్ మాజ్వీదస్ తెచ్చిన క్రైస్తవ ప్రశ్నోత్తరి. ఇంటికి సిరి తెచ్చే కౌకాయ్ అనే మరుగుజ్జు ఆత్మలను, జెమేపాతిస్, లౌక్‌సార్గస్ అనే పొలం దేవతలను ఇకనైనా వదలమని దాని ముందుమాట జనాన్ని బతిమాలుతుంది. యాన్ లాసిత్స్కీ 1580 ప్రాంతంలో రాయగా 1615లో బాసెల్‌లో అచ్చయిన పుస్తకం జెమైతియా దేవతల పేర్లు డెబ్బైకి పైగా ఇస్తుంది. వాటిలో కొన్ని నిజమైన దేవతలవి, కొన్ని ఆయన అపార్థం చేసుకున్న మామూలు మాటలని పండితులు తేల్చారు. శరత్కాలంలో చనిపోయినవారి ఆత్మలను ఇంటికి పిలిచి భోజనం పెట్టే వేలినేస్ పండుగ, కాథలిక్కుల నవంబరు 2 సమాధుల పండుగలో కలిసిపోయి నేటికీ దేశమంతా దీపాలతో జరుగుతోంది.

ఇప్పుడు రోమువా పేరుతో కనిపిస్తున్న పాత మతం కొత్తగా కట్టుకున్నది. తెగని గొలుసులా పూర్వుల నుంచి వచ్చినదని చెప్పడానికి వీల్లేదు. పాత పూజారుల పరంపర శతాబ్దాల కిందటే ఆగింది. రోమువాకు ముడిసరుకు 19, 20 శతాబ్దాల్లో సేకరించిన జానపద గీతాలు, పల్లె ఆచారాలు, పాత చరిత్రకారుల రాతలు. 1967 జూన్‌లో సోవియట్ పాలన కింద కొందరు విద్యావంతులు పాత కోటదిబ్బలున్న కెర్నవేలో రాసోస్ పండుగ జరిపారు. ఏడాదిలో అతి పొడవైన పగలు వచ్చే రోజున మంటలు వేసి, పాటలు పాడి, పువ్వుల దండలు నీళ్లలో వదిలే పండుగ అది. వారిలో ముందున్న యోనస్ త్రింకూనస్ ఆ తర్వాతి ఏళ్లలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1992లో రోమువా నమోదైంది. 2002లో త్రింకూనస్‌ను క్రివిస్‌గా, అంటే ప్రధాన పూజారిగా నిలబెట్టారు. డుస్‌బుర్గ్ పుస్తకంలోని పదవి అలా ఏడు వందల ఏళ్ల తర్వాత నిజమైంది. 2014లో ఆయన చనిపోయాక భార్య ఇనియా త్రింకూనియేనే ఆ బాధ్యత తీసుకుంది.

2011 జనగణనలో పాత బాల్టిక్ మతం తమదని రాయించుకున్నవారు ఐదు వేలకు పైగా ఉన్నారు. ప్రభుత్వ గుర్తింపు కోసం రోమువా పెట్టుకున్న దరఖాస్తును 2019లో పార్లమెంటు తోసిపుచ్చింది. 2021లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ తిరస్కారం అన్యాయమని తీర్పు చెప్పింది. 2024 డిసెంబరులో లిథువేనియా పార్లమెంటు గుర్తింపునిచ్చింది. రోమువా పూజారులు జరిపే పెళ్లిళ్లు చట్టం ముందు చెల్లడానికి, ప్రభుత్వ బడుల్లో తమ మతబోధ జరుపుకోవడానికి దానితో వీలు కలిగింది.